గొంతుపట్టీ, మూడు దేశాల నీళ్ళు

నమోదు 112

ఈ ఉదయం కిటికీ అద్దాల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. వారం వారం కడక్కపోతే అద్దాలు మజ్జిగలో ముంచి తీసినట్టు తెల్లబడిపోతాయి. అంతర్జాతీయ అనుమతుల వ్యూహకర్త గుడ్డ పట్టుకుని అద్దాలు తుడవడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మా సంస్థలో ఉన్నది ఇద్దరమే. వైద్య పరికరాన్ని తయారుచేసేది ముంతాజ్. దాన్ని ముందు ఏ దేశానికి తీసుకెళ్ళాలో, తరువాత ఏ దేశానికో, ఎవరికి ఏం చెప్పాలో, ఎవరికి ఏం చెప్పకపోతే మేలో ఆలోచించేవాణ్ణి నేను. ముంతాజ్ చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. కాబట్టి అద్దాలు నా వంతు.

నా పేరు చింతాడ సోమేశ్వర్. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రేపు తనిఖీకి వచ్చేవాళ్ళు చదువుకోవడానికి ఈ దినచర్య రాయాలని నిబంధన. ఇంతవరకూ ఒక్కరూ చదవలేదు. అందుకే కాస్త ధైర్యంగా రాస్తుంటాను.

ఇవాళ శుభవార్త. మా గొంతుపట్టీకి దీవుల దేశమైన ద్వీప మండలి అనుమతి ఇచ్చింది. జబ్బు చేసి స్వరపేటిక తీసేయాల్సి వచ్చినవాళ్ళు దాన్ని మెడకు కట్టుకుంటారు. నోరు కదిపితే చాలు, మెడ కండరాల కదలికను పట్టుకుని వాళ్ళ పాత గొంతుతోనే మాట పైకి పలుకుతుంది. ఇది తయారుచేయడానికి ముంతాజ్‌కి ఏళ్ళు పట్టింది. తయారీదారుల సంఘం సభలో శాలువా మాత్రం నాకు కప్పారు. ఎందుకంటే సరిహద్దు తాళం ఆలోచన నాది.

సరిహద్దు తాళం అంటే ఏమిటంటే, అనుమతి లేని దేశపు గీత దాటగానే పట్టీ దానంతట అదే ఆగిపోతుంది. ఇలాంటిది కావాలని ఏ దేశమూ అడగలేదు. అమ్మడానికే అనుమతి కావాలి గానీ, కట్టుకుని తిరగడానికి అక్కర్లేదు. అయినా అడక్కుండానే ఇంత క్రమశిక్షణ చూపిస్తే అధికారులు మురిసిపోతారని నా అంచనా. మురిసిపోయారు కూడా.

నా వ్యూహం ఇదీ. ద్వీప మండలి కాస్త మెత్తన. 'ఇది ప్రాణావసరం కాదు, సౌకర్యం కోసం మాత్రమే' అని నేను రాసిన ఒక్క వాక్యంతో పరికరం చిన్న తరగతిలో పడి, పని చకచకా అయిపోయింది. అక్కడ ఏడాదిపాటు ఏ హానీ లేకుండా నడిపి, ఆ మచ్చలేని చరిత్ర పట్టుకుని ఉత్తర కూటమి తలుపు తట్టాలి. ప్రపంచంలో అంత పెద్ద బజారు లేదు, అంత గట్టి తలుపూ లేదు. వాళ్ళు ఒప్పుకుంటే మన దేశం, తీర సమాఖ్య, కళ్ళు మూసుకుని సంతకం పెడుతుంది. సొంత ఇంట్లోకి రావడానికి ప్రపంచమంతా తిరిగి రావడమన్నమాట. మా వృత్తిలో దీన్నే వ్యూహం అంటారు.

గోడకు ఒక పలక తగిలించాను. దాని మీద 'హాని నమోదు: సున్నా' అని ఉంటుంది. ఇంకా ఒక్క పట్టీ కూడా ఎవరి మెడకూ కట్టలేదు కాబట్టి ఆ సున్నా సాధించడానికి పెద్దగా కష్టపడలేదు.

నమోదు 114

మొదటి పట్టీ కట్టడానికి ముంతాజ్, నేను సంత తెప్పకు వెళ్ళాం. భీమిలి మెట్ల దగ్గర పడవ ఎక్కితే, మునిగిపోయిన పాత మేడల మీదుగా వెళ్ళే వీలు లేక బాగా చుట్టు తిరిగి వెళ్ళాలి. సముద్రం పెరిగి తీరం వెనక్కి జరిగినప్పుడు మన నీటి సరిహద్దు గీత కూడా దానితోపాటు వెనక్కి జరిగింది. ఆ ఖాళీలోకి ఒక పక్కనుంచి ద్వీప మండలి, ఇంకో పక్కనుంచి ఉత్తర కూటమి జరిగి కూర్చున్నాయి. ఆ మూలలోనే ఊరంత ఉండే ఈ సంత తెప్ప, పొడవాటి గొలుసుతో ఒకే లంగరుకు కట్టి ఉంటుంది. పోటుతో పాటు వచ్చే చేపల పడవలన్నీ అక్కడే ఆగుతాయి. అక్కడే వేలం, అక్కడే కాపురాలు.

సూరాడ నూకరత్నం అక్కడ పాట పెట్టే మనిషి. కొయ్యపెట్టె ఎక్కి నిలబడి వేలం నడపాలి. పడవల్లోంచి చేపలు దించే క్రేను తొట్టి ఊగితే 'తప్పుకోండి' అని కేకవేసేది కూడా పెట్టె మీది మనిషే, ఎందుకంటే అన్ని పక్కలూ కనిపించేది అక్కణ్ణించే. గొంతులో పుండు లేచి, ఆపరేషన్ అయిన తరువాత ఆమె పెట్టె దిగిపోయి మంచు కొట్టే పని చేసుకుంటోంది. పాత వేలాల రికార్డింగులు తెప్పలో కుప్పలుగా ఉన్నాయి. ముంతాజ్ వాటినుంచే ఆమె గొంతు తయారుచేసింది.

 పట్టీ కట్టగానే ఆమె నోరు తెరిచి, "ఓలమ్మో!" అంది. తెప్ప అవతలి చివర వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా తలలెత్తారు.

"ఇదేటి, ఇంత గట్టిగొచ్చీసింది?" అందామె, ఇంకా గట్టిగా.

వేలం రికార్డింగుల్లో ఆమె మెల్లగా మాట్లాడినది ఒక్క ముక్క కూడా లేదు. కాబట్టి పట్టీకి మెల్లగా మాట్లాడడం రాదు. మంచినీళ్ళు కావాలా అని ఆమె నన్నడిగితే, నీళ్ళను వేలానికి పెట్టినట్టే ఉంది. ముంతాజ్ కాస్త సిగ్గుపడింది. నూకరత్నం మాత్రం ముంతాజ్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఏడుపు శబ్దం పట్టీకి అందదు కాబట్టి అది మాత్రం చప్పుడు లేకుండా జరిగింది. నేను పరీక్ష పత్రం తీశాను. ఆ ఏడుపును ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

నమోదు 119

నూకరత్నం నుంచి కబురు. నిన్న వంజరం చేపల పాట మధ్యలో పట్టీ ఆగిపోయిందట. ధర ఇంకా సగానికి కూడా రాలేదు. "రెండోపాట" దాకా పలికి, ఆ తరువాత నోరు కదులుతోంది గానీ మాట లేదు. సంత తెప్ప మీద ఒక కట్టుబాటు ఉంది. పాట తెగితే ఆఖరి మాట ఎవరు అన్నారో సరుకు వాళ్ళది. ధర రాలేదని పాట పెట్టేవాళ్ళు పడవవాళ్ళ పక్షాన పాట కావాలని తెంచకుండా పెట్టుకున్న కట్టుబాటట. వంజరాలు కారుచవగ్గా వెళ్ళిపోయాయి. పడవవాళ్ళు ఆమెను తిట్టిపోశారు. కాసేపటికి పట్టీ దానంతట అదే పలికింది, కానీ తిట్లకు బదులు చెప్పే సమయం అప్పటికే దాటిపోయింది.

ఫిర్యాదు నమోదు చేశాను. మా పత్రంలో రెండు గడులుంటాయి. ఒకటి 'హాని', ఇంకోటి 'వాడేవారి అసౌకర్యం'. రెండోదాంట్లో రాశాను. చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. అనుభవం అంటే అదే.

నమోదు 121

పట్టీలో లోపం లేదు. లోపం ఎక్కడుందో కనిపెట్టాను. అద్దంలో చూసుకుంటే ఇంకా త్వరగా దొరికేది.

అనుమతి కోసం రాసిన దరఖాస్తులో 'పరికరం వాడే చోటు' అని ఒక గడి ఉంది. అందులో ఒక్క బిందువు మాత్రమే పడుతుంది. దరఖాస్తు పంపిన ఉదయం నేను పటం తెరిచి, సంత తెప్ప ఎక్కడుందో చూసి, ఆ బిందువు పెట్టాను. అది ద్వీప మండలి నీళ్ళలో ఉంది. చక్కగా ఉందనుకున్నాను. తెప్ప తేలుతుందని నాకు తెలుసు. దాని పేరే తెప్ప. పొడవాటి గొలుసు మీద ఊగే తెప్ప పోటుకు ఒక దేశంలోకి, ఆటుకు ఇంకో దేశంలోకి, ఈదురుగాలికి మూడో దేశంలోకి వెళ్తుందని మాత్రం తట్టలేదు. వేలం జరిగేదేమో సరిగ్గా పోటు తిరిగే వేళ, ఎందుకంటే పడవలు వచ్చేది అప్పుడే. నేను ముగ్గురు అధికారుల మనస్తత్వాలు చదివాను గానీ ఒక గొలుసు పొడవు చదవలేదు.

"తాళం తీసేద్దాం. ఒక్క పూట పని," అంది ముంతాజ్.

"తాళంతో కలిపే అనుమతి వచ్చింది. తాళం తీసేస్తే అది వేరే పరికరం. మళ్ళీ మొదటినుంచి."

"ఎన్నాళ్ళు?"

"వచ్చే వానాకాలం దాకా."

ముంతాజ్ చేతిలో పనిముట్టు కింద పెట్టింది. ఆమె అలా పెట్టడం అరుదు. "ఇంకో దారి లేదా?"

ఉంది. మా వృత్తిలో అందరికీ తెలిసిన, ఎవరూ తొక్కని దారి. 'మా పరికరం వల్ల హాని జరిగింది' అని తయారుచేసినవాళ్ళే ఒప్పుకుంటే, ఆ హానిని ఆపే మార్పుకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మూడు దేశాల్లోనూ అదే నియమం. ఆ రోజే తాళం తీసేయవచ్చు. కాకపోతే గోడ మీది సున్నా పోతుంది. సున్నా లేకుండా ఉత్తర కూటమి మెట్లెక్కడం దండగ. ఈ సంగతంతా చెప్పాను.

"అయితే ఆమె గొంతు పోవడం హాని కాదా?"

"సాంకేతికంగా అసౌకర్యం," అన్నాను.

 ఆమె పనిముట్టు తీసుకుని అటు తిరిగిపోయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. పట్టీ లేకుండానే ఆగిపోయిన మొదటి గొంతు అది.

నమోదు 124

రెండోసారి పాట తెగింది. బేరగాళ్ళు ఈ కిటుకు పట్టేశారు. తెప్ప గీత దగ్గరికి వచ్చేదాకా ఊరికే నిలబడి, సరిగ్గా అప్పుడొక తక్కువ మాట అనేశారు. ఆమె నోరు మూగబోగానే చేపలు వాళ్ళవి.

ఇంకో కట్టుబాటు కూడా ఇవాళే తెలిసింది. మూడుసార్లు పాట తెగిన మనిషి పెట్టె దిగాలి. మళ్ళీ ఎక్కనివ్వరు. నేను తెప్పకు వెళ్ళేసరికి నూకరత్నం పెట్టె మీదే కూర్చుని ఉంది, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. అప్పుడు తెప్ప ద్వీప మండలి నీళ్ళలోనే ఉంది కాబట్టి మాట వచ్చింది.

"బాబూ, గొంతు పోయినపుడు నానేడిసి ఊరుకున్నాను. పోనాది పోనాదే అనుకున్నాను. నివ్వు మళ్ళీ ఇచ్చినావు. ఇచ్చి లాగీసుకోడం ఏటి? ఇయ్యకపోనా బాగున్ను."

"కొద్ది రోజులు ఓపిక పట్టండి, రత్నం గారూ. పైనుంచి అనుమతి రావాలి."

"పైనెవులున్నారు బాబూ? నివ్వే కదా పెట్టినావంట ఆ తాళం." ముంతాజ్ చెప్పేసినట్టుంది. "భీమిలి మెట్ల మీద నా మనవరాలుంది. ఆపరేషనయినాక పుట్టింది. దానికి నా గొంతే తెల్దు. ఒడ్డుకెల్తే ఈ పట్టీ పలకదు. నాను మూగదాన్ననే అనుకుంటంది అది."

ఒడ్డు సంగతి నాకు ముందే తెలుసు. ఒడ్డున ఆమెకు పనేమీ ఉండదని దరఖాస్తులో నేనే రాశాను.

చేసేది లేక ఒక ఏర్పాటు చేశాను. పట్టీ ఆగినప్పుడు ఆమె వేళ్ళతో ధర చూపిస్తుంది, పక్కన నిలబడి నేను అరుస్తాను. మనిషి గొంతుకు ఏ దేశమూ అనుమతి అడగదు కదా. ఇవాళ్టి ఆటుకు అలాగే చేశాం. నా గొంతు సభల్లో శాలువాలు కప్పించుకోవడానికి పనికొస్తుంది గానీ సముద్రం మీద పనికిరాదని తేలింది. "ఒకటోపాట" అనేసరికి గొంతు కీచుమంది. జనం నవ్వారు. ఆమె చూపించిన ధరను నేను తప్పుగా చదివి చందువా చేపలను పది రెట్లు పెంచేశాను. ఒక బేరగాడు, "ఇదెక్కడి యంత్రం రత్నప్పా, పాడైపోనాది, మార్పించు," అన్నాడు. రేపటినుంచి నేను రానక్కర్లేదని, తెప్ప గీతకు దూరంగా ఉన్నంతసేపే పెట్టె ఎక్కుతాననీ నూకరత్నం చేత్తోనే చెప్పింది. నేను మా సంస్థ తయారుచేసిన రెండో పరికరాన్ని. మొదటి రోజే వెనక్కి పంపారు.

నమోదు 126

ఉత్తర కూటమికి ముందస్తు దరఖాస్తు ఒకటి వేసి ఉంచాను. వాళ్ళ పరీక్షకుడు మనిషి కాదు, యంత్రం. చాలా మర్యాద. ఒకసారి చదివిన వాక్యాన్ని మాత్రం జన్మలో మరిచిపోదు. ఈ పట్టీ వాడేవాళ్ళ బతుకుతెరువుకు అత్యవసరమనీ, కాబట్టి తాళం తీసేయడానికి ప్రత్యేకంగా ఒప్పుకోమనీ కోరుతూ పెద్ద వినతి పంపాను. మంచి మాటలు వాడాను. ఒక చోట నాకే కళ్ళు చెమర్చాయి.

వెంటనే జవాబు వచ్చింది. 'తమరు ద్వీప మండలికి రాసినది: ఇది ప్రాణావసరం కాదు, సౌకర్యం కోసం మాత్రమే. ఇప్పుడు రాసినది: ఇది అత్యవసరం. దయచేసి తమరు అప్పుడు అబద్ధం చెప్పారో, ఇప్పుడు చెబుతున్నారో ఎంచుకోండి.' కింద రెండు గడులు. మూడో గడి కోసం వెతికాను. లేదు.

వినతి వెనక్కి తీసుకున్నాను. ముంతాజ్ అంతా చూసి, మళ్ళీ అదే మాట అడిగింది. "హాని అని రాసేయరాదూ?" నేను మళ్ళీ అదే జవాబు చెప్పాను. ఈసారి సాంకేతికంగా అన్న మాట కాస్త మెల్లగా పలికాను.

నమోదు 130

ఎడమ చేత్తో చెబుతూ రాయిస్తున్నాను అని మొదలుపెట్టాను చూడండి, అంత బాగుంది నా పరిస్థితి. నోటితోనే చెబుతున్నాను. దినచర్య యంత్రం రాసుకుంటోంది. కుడి భుజానికి కట్టు ఉంది.

పరికరం ఎలా నడుస్తోందో చూడడానికి ద్వీప మండలి పరిశీలకుడు వచ్చాడు. పేరు బొడ్డు యెరిమియా. వాళ్ళ ముత్తాతలు ఈ తీరం నుంచే దీవులకు వెళ్ళారట. తాపీ మనిషి. వేలం నడుస్తుండగానే చూస్తానన్నాడు. తెప్ప గీత దాటకముందే ఆయనకు చూపించి పంపేయాలని నా పథకం. ఆయనకేమో ప్రతి చేప పేరూ కావాలి, ఇది మా దీవుల్లో ఫలానా అంటాం అని చెప్పాలి. కోనాం చేప దగ్గరే చాలాసేపు ఆగాడు. పోటు తిరిగింది. తెప్ప కదిలింది.

నేను క్రేనుకు వీపు పెట్టి నిలబడ్డాను. గీత సంగతి ఆయన గమనించకుండా మాటల్లో పెట్టాలని, "ఈ పరికరం వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏ హానీ కలగలేదండీ," అని అంటున్నాను. అప్పుడే యెరిమియా గారి ముఖం మారింది. నా వెనక ఏదో చూసి చెయ్యి చాచాడు. మంచూ చేపలూ నిండిన తొట్టి వచ్చి నా భుజానికి తగిలింది.

తేరుకునేసరికి కానాగడత చేపల మధ్యలో పడి ఉన్నాను. భుజం ఎముక విరిగినట్టుంది. పైన పెట్టె మీద నూకరత్నం. ఆమె రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి. నోరు ఇంకా కదులుతూనే ఉంది. తప్పుకో, తప్పుకో, తప్పుకో. నాకు ఏమీ వినిపించలేదు. తొట్టి ఊగడం అందరికంటే ముందు ఆమె చూసింది. నన్ను పేరుపెట్టి పిలిచిందట కూడా. పెదవులు చూసినవాళ్ళు తరువాత చెప్పారు.

నాకు నొప్పి కంటే ముందు సిగ్గు వేసింది. ఇది అతిశయోక్తి కాదు. నొప్పి ఆ తరువాత వచ్చి, సిగ్గును బాగా దాటేసింది.

యెరిమియా గారు నా పక్కన కూర్చుని, నా జుట్టులోంచి ఒక చేపను తీసి పక్కన పెట్టాడు. "దీన్ని ఏ గడిలో రాస్తారు సార్? అసౌకర్యంలోనేనా?" అని అడిగాడు. వెటకారం ఏమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

గీత దాటి పట్టీ మూగబోవడంతో పాట అప్పటికే తెగింది. అప్పుడు నడుస్తున్న సరుకు ఆఖరి మాట అన్నవాడికి వెళ్ళింది. అది మూడోసారి. నూకరత్నం పెట్టె దిగింది.

నమోదు 131

నా భుజం విరిగితే గానీ ఆమె గొంతు పోవడం హాని అని నాకు ఎక్కలేదు. ఇంత చదువూ చదివి, ఇన్ని దేశాల నియమాలు నోటికి వచ్చి, చివరికి ఎముకతో నేర్చుకున్నాను.

ఉదయం ముంతాజ్ వచ్చింది. నారింజ పండ్లు తెచ్చి, వాటిని నేను ఒంటిచేత్తో ఒలుచుకోలేనని తెలిసి కూడా అలాగే ఇచ్చింది. హాని పత్రం తెరిచాను. రాయడం తేలికే. ఒక్క గడి దగ్గర ఆగాను. 'హాని మొదట జరిగిన రోజు.'

తొట్టి తగిలిన రోజు రాయవచ్చు. అది నిజమే. అప్పుడు అది ఒక్క ప్రమాదం అవుతుంది, మేం వెంటనే స్పందించినట్టు ఉంటుంది. ఉత్తర కూటమి కొంతకాలం మొహం ముడుచుకుని మళ్ళీ పిలుస్తుంది. కానీ సంత పెద్దలు ఒక మాట కచ్చితంగా చెప్పారు. పాట తెగింది మనిషి వల్ల కాదు, పట్టీ వల్లేనని తయారుచేసినవాళ్ళు మూడు దేశాలకూ రాసిస్తేనే ఆ మూడుసార్లూ తెగడం లెక్కలోంచి తీసేస్తారు. తొట్టి రోజు రాస్తే తీరేది మూడోది ఒక్కటే. మొదటి రెండూ ఆమె నెత్తిమీదే ఉంటాయి. ఇంకొక్కసారి గొంతు తడబడితే చాలు, ఆమె బతుకంతా మంచు కొట్టుకోవాలి.

మొదటి పాట తెగిన రోజు రాస్తే, హాని జరిగిందని తెలిసి కూడా నేను అసౌకర్యం అని రాసినట్టు నా అంతట నేనే ఒప్పుకున్నట్టు. ఉత్తర కూటమి అలాంటివాళ్ళకు తలుపు మూసేస్తుంది. చాలా ఏళ్ళు తెరవదు.

"నీ పట్టీ పెద్ద బజారుకు వెళ్ళదు, ముంతాజ్," అన్నాను. "ఆలోచించి చెప్పు."

"పట్టీ నాది సోమేశూ," అంది ఆమె నారింజ ఒలుస్తూ. "అబద్ధం నీది. ఏది ఉంచుకోవాలో నువ్వే చూసుకో." ఒలిచిన నారింజ నా ఎడమ చేతిలో పెట్టింది.

మొదటి రోజే రాశాను. మూడు దేశాలకూ పంపాను. ఉత్తర కూటమి యంత్రం వెంటనే జవాబిచ్చింది. 'తమరి నిజాయితీకి కృతజ్ఞతలు. తమరి దరఖాస్తు మూసివేయబడింది.' అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ బయటికి గెంటలేదు. సాయంత్రానికి ముంతాజ్ తాళం తీసేసింది. నిజంగానే ఒక్క పూట పని.

గోడ మీద సున్నా చెరిపి ఒకటి వేశాను. ఎడమ చేత్తో వేశాను కాబట్టి అది ఒకటిలా లేదు, వంగిన గేలంలా ఉంది.

నమోదు 137

అమావాస్య పోటు. తెప్ప ఇంతకంటే ఎక్కువ ఊగే రోజు ఉండదు. సంత పెద్దలు నూకరత్నాన్ని ఆ రోజే పెట్టె ఎక్కించారు. మొదటినుంచి చివరిదాకా పాట తెగకుండా నడిపితే పెట్టె ఆమెది. బేరగాళ్ళంతా వచ్చారు. గీత దగ్గర తక్కువ మాట అనడానికి పెదవులు తడుపుకుని నిలబడ్డారు. యెరిమియా గారు కూడా వచ్చాడు, ఈసారి క్రేనుకు దూరంగా.

ఆమె సొరచేపతో మొదలుపెట్టింది. తెప్ప కదిలింది. నేను నా పటం తెరిచి గీత కోసం చూస్తున్నాను. భుజంలో ఎముక అతుక్కుంటున్న చోట సలుపుతోంది. గీత దగ్గరికి వచ్చింది. ఒక బేరగాడు తక్కువ మాట అనేసి, చేతులు కట్టుకుని, ఆమె నోటికేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి సూస్తావు?" అందామె. "నోరు మూస్తాననుకున్నావేటి? రెండోపాట!"

గీత దాటింది. మూడోపాట కూడా దాటింది. చేపలు అయిపోయేదాకా ఒక్కసారీ తెగలేదు. మధ్యలో తొట్టి ఊగితే ఆమె వేసిన కేకకు నేను అవసరం లేకపోయినా పక్కకు గెంతాను. జనం ఎంత నవ్వినా నాకు ఏమీ అనిపించలేదు. చాలా సంతోషంగా ఉంది నాకు. శాలువా కప్పినప్పుడు కూడా ఇంత లేదు.

వేలం అయ్యాక ఆమె ఒడ్డుకు వెళ్తానంది. ముంతాజ్, నేను ఉన్న పడవలోనే ఎక్కింది. పడవ కదలగానే నా వైపు తిరిగింది.

"ఇపుడు సెప్తాను బాబూ నీ సంగతి," అంది.

తాళం గురించి మొదలుపెట్టింది. అడక్కుండా తాళం పెట్టిన నా తెలివి గురించి, తెప్పను పటంలో చుక్క అనుకున్న నా కళ్ళ గురించి, చందువాలను పది రెట్లు పెంచిన నా గొంతు గురించి, ఒడ్డున ఆమెకు పని లేదని రాసిన నా చేతి గురించి. ఆ చేతికి తగలాల్సినది సరిగ్గానే తగిలిందని కూడా అంది. అదంతా వేలం గొంతుతోనే, ఎందుకంటే దానికి వేరే గొంతు లేదు. ద్వీప మండలి నీళ్ళలో మొదలైన తిట్టు ఉత్తర కూటమి మూలగా తిరిగి, మునిగిన మేడలు చుట్టి, తీర సమాఖ్య నీళ్ళలోకి వచ్చింది. ఎక్కడా తెగలేదు. నేను పటం మూసేసి, తల వంచుకుని విన్నాను. మూడు దేశాల్లోనూ నాకు ఒకే తిట్టు పడడం మా సంస్థ చరిత్రలో మొదటి అంతర్జాతీయ విజయం.

భీమిలి మెట్ల దగ్గర పడవ ఆగేసరికి పై మెట్టు మీద ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. ఎవరు అరుస్తున్నారో చూడడానికి వచ్చినట్టుంది. పడవలో అమ్మమ్మ నోరు కదలడం, ఆ కదలికకు సరిపోయే మాట రావడం చూసి కదలకుండా నిలబడిపోయింది. నూకరత్నం తిట్టు ఆపేసింది. మనవరాలిని పేరుపెట్టి పిలిచింది. మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు.

పిల్ల పరుగున దిగివచ్చి ఆమె నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లిగా అమ్మమ్మా, అందరూ వింటన్నారు," అంది.

నూకరత్నం మెల్లిగా మాట్లాడబోయింది. అదీ అంతే గట్టిగా వచ్చింది. ఇద్దరూ నవ్వారు.

ముంతాజ్ నా వైపు వంగి, శబ్దం తగ్గించే మీట ఒకటి పెడితే ఎలా ఉంటుందని అడిగింది. అది పెడితే పరికరం మారినట్టే. ఎన్ని దేశాలకు ఎన్ని దరఖాస్తులు రాయాలో, ఏ గడిలో ఏం పెట్టాలో, ముందు ఏ తలుపు తట్టాలో నాకు అప్పటికప్పుడే తట్టేసింది. చెప్పబోయి నోరు మూసుకున్నాను.